గ్రాంటు తోడు మాత్రమే, పాలు మనవే కావాలి

సంఘాల సమావేశాలకు మేము వెళ్ళినప్పుడల్లా ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. "వేసవి వచ్చేసరికి మేత లేదు, నీళ్ళు లేవు. ఊరి బీడు బోడిగా మారింది. దీన్ని బాగుచేసుకోవడానికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందా? ఇస్తే ఎలా తెచ్చుకోవాలి?" అని సభ్యులు అడుగుతారు.

అడగవలసిన ప్రశ్నే. పాలిచ్చే గేదెకు రోజుకు పాతిక కిలోల దాకా పచ్చిమేత కావాలి. సొంత పొలం లేని సభ్యుడు ఆ మేత ఎక్కడి నుంచి తేగలడు? ఊరి ఉమ్మడి బీడు, చెరువు గట్టు, గుట్ట వాలు, ఇవే అతని మేత పొలాలు. అవి ఎండితే అతని పాలు ముందుగా తగ్గుతాయి. ఆ తరువాత గేదె సంతకు పోతుంది. మన సంఘాల పాల పుస్తకాలలో వేసవి నెలల పేజీలు తిరగేస్తే ఈ సంగతి తెలుస్తుంది.

అందుచేత ఈ గ్రాంట్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఏయే పనులకు వస్తాయి, వచ్చిన తరువాత నిలబడాలంటే ఏమి చేయాలి అనే విషయాలు ఈ సంచికలో వివరంగా చెప్పుకుందాం. ముందుగా ఒక మాట. పాలు తోడుకోవడానికి చెంచాడు పెరుగు చాలు. కాని కుండలో పాలు లేకుండా ఎంత తోడు వేసినా పెరుగు కాదు. గ్రాంటు ఆ చెంచాడు పెరుగువంటిది. పాలు ఊరివారివే కావాలి. ఈ మాట ఎందుకంటున్నామో మహారాష్ట్రలోని ఒక ఊరి కథ చెబుతుంది.

హివరే బజార్ కథ

అహ్మద్‌నగర్ జిల్లాలో హివరే బజార్ అనే చిన్న గ్రామం ఉంది. ఆ జిల్లా పేరును 2024లో అహిల్యానగర్‌గా మార్చారు. అక్కడ ఏడాదికి కురిసే వాన సుమారు 400 మిల్లీమీటర్లు, అంటే మన అనంతపురం సగటు కంటె కూడా తక్కువ. 1972 కరువు తరువాత ఆ ఊరు క్రమంగా దిగజారింది. గుట్టల మీద చెట్లు నరికేశారు. వాన నీరు నిలవక మట్టితో సహా కొట్టుకుపోయింది. బావులు అడుగంటాయి. కూలి కోసం జనం వలసపోయారు. సారా తగాదాలు ఊరికి చెడ్డపేరు తెచ్చాయి. 1990ల నడుమ ఊరంతా కలిపి రోజుకు దాదాపు 150 లీటర్ల పాలు మాత్రమే వచ్చేవి.

1989లో గ్రామస్థులు పోపట్‌రావ్ పవార్ అనే చదువుకున్న యువకుణ్ణి సర్పంచ్‌గా ఎన్నుకున్నారు. తరువాత ఆ గ్రామం మహారాష్ట్ర ప్రభుత్వం 1992లో ప్రారంభించిన ఆదర్శ గ్రామ పథకంలో చేరింది. ఆ పథకం షరతులు కాస్త కఠినమైనవి. చెట్లు నరకరాదు. పశువులను విచ్చలవిడిగా బీడు మీదికి తోలరాదు. మద్యం మానాలి. కుటుంబ నియంత్రణ పాటించాలి. ప్రతి ఇంటివారు శ్రమదానం చేయాలి. ఈ ఐదింటికీ గ్రామసభ ఒప్పుకోవాలి.

డబ్బు విషయం చూడండి. సుమారు 1,000 హెక్టార్ల గ్రామ భూమిలో కందకాలు, గట్లు, ఊట కుంటలు, చెక్ డాంల పనులకు హెక్టారుకు 4,000 రూపాయల చొప్పున దాదాపు 42 లక్షలు ఖర్చయ్యాయి. ఆ డబ్బు ఎక్కువగా మహారాష్ట్ర ఉపాధి హామీ పథకం నుంచి వచ్చింది. ఆ పథకానికి నిధులు సమకూర్చడానికి ఆ రాష్ట్రం 1975లో వృత్తి పన్ను విధించింది. అంటే బొంబాయిలో జీతం తీసుకునే ఉద్యోగి కట్టిన పన్ను కరువు గ్రామంలో కందకమై నిలిచింది. ఈ ఉపాధి హామీ బాటలోనే దేశమంతటికీ 2005లో చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఆ చట్టం కింద పనులు ప్రారంభమయ్యాయి.

ఇక ఫలితం. 2000లో ఆ ఊరి గడ్డి దిగుబడి సుమారు 100 టన్నులు. 2004లో 6,000 టన్నులు. గడ్డి పెరిగితే పాలు పెరగక మానవు. రోజుకు 150 లీటర్లు ఇచ్చిన ఊరు తరువాతి కాలంలో 4,000 లీటర్ల దాకా ఇచ్చింది. 1995 సర్వేలో 168 కుటుంబాలు దారిద్ర్యరేఖకు దిగువన ఉండగా, 2010 నాటికి మూడే మిగిలాయి. వలసపోయిన కుటుంబాలు తిరిగి వచ్చాయి. పోపట్‌రావ్ పవార్‌కు 2020లో పద్మశ్రీ లభించింది.

డబ్బు ఎంత, కట్టుబాటు ఎంత?

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించాలి. హెక్టారుకు 4,000 రూపాయలు పెద్ద మొత్తమేమీ కాదు. 1995లో దేశమంతటా అమలులోకి వచ్చిన వాటర్‌షెడ్ నియమాలలోనూ హెక్టారుకు అంతే ఇచ్చారు. ఆ నియమాలకు ఆధారమైన సంఘానికి అధ్యక్షత వహించినది మన తెలుగువారైన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావుగారు. ఆ డబ్బుతో దేశంలో ఎన్నో ఊళ్ళలో కందకాలు తవ్వారు. కాని కందకం తవ్విన ప్రతి ఊరూ హివరే బజార్ కాలేదు.

కారణం మీకు తెలియనిది కాదు. కందకం వాన నీటిని నిలుపుతుంది. ఆ తడికి గడ్డి మొలకెత్తుతుంది. మొలకెత్తిన గడ్డిని తొలి ఏడాదే మేపితే వేరు చచ్చిపోతుంది. అప్పుడు మట్టి మళ్ళీ కదలి కందకాన్ని పూడుస్తుంది. మూడేళ్ళలో గ్రాంటు డబ్బు ఎక్కడ పెట్టారో కూడా తెలియదు. హివరే బజార్‌లో పశువులను బీడు మీదికి తోలడం మానేశారు. గడ్డి కోసుకొని ఇంటికి తెచ్చి గాటిపాటన వేశారు. గడ్డి విత్తనం రాలింది, వేరు బలపడింది, మరుసటి ఏడు మరింత పెరిగింది. పేడ కూడా బీడులో చెదిరిపోక దొడ్డిలోనే దొరికి ఎరువైంది.

నీటి విషయంలోనూ అంతే. బావులలో నీరు కనబడగానే చెరకు వేస్తే ఆ నీరు ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆ ఊరివారు చెరకు, అరటి వేయరాదనుకున్నారు. సాగు కోసం గొట్టపు బావులు తవ్వరాదనుకున్నారు. 2004 నుంచి ఏటా కురిసిన వాన, బావుల నీటిమట్టం కొలిచి, గ్రామసభలో లెక్క చదువుతున్నారు. మనుషులకు, పశువులకు తాగునీరు ముందుగా తీసి ఉంచుతారు. మిగిలిన నీటిని బట్టి ఆ ఏడు ఏ పంట వేయాలో నిర్ణయిస్తారు.

పాల సంఘం సభ్యులకు ఈ పద్ధతి కొత్తగా తోచదు. మనం పూటపూటా పాలు కొలుస్తాం. అందరి ఎదుటా వెన్న శాతం చూస్తాం. పుస్తకంలో రాస్తాం. ఆ లెక్కమీదే డబ్బు పంచుకుంటాం. పాలు కొలవడం నేర్చిన ఊరికి నీరు కొలవడం కష్టమా? మేత పంచుకోవడం కష్టమా?

భూమి లేనివారి సంగతి

అయితే ఈ కట్టుబాట్లలో ఒక ముల్లు ఉంది. దాన్ని దాచిపెట్టి లాభం లేదు. బీడు మూసివేస్తే ముందుగా ఇబ్బంది పడేది ఎవరు? నాలుగు మేకలు, ఒక గేదె తప్ప మరేమీ లేని కుటుంబం. పొలం ఉన్నవారు చొప్ప వేసుకొని రెండేళ్ళు నెట్టుకొస్తారు. చొప్ప కూడా లేనివారు ఏమి చేయాలి? పైగా బావులలో నీరు పెరిగితే లాభం పొలం ఉన్నవారికే. నష్టం ఒకరికి, లాభం మరొకరికి అయితే ఏ కట్టుబాటూ నిలవదు. రాత్రివేళ కంచె తెగుతుంది. తెంచినవారిని పూర్తిగా తప్పు పట్టలేం.

ఈ ముడిని హర్యానాలోని సుఖోమాజ్రి గ్రామం ఏనాడో విప్పింది. చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు మట్టితో పూడిపోతుంటే, ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తోందో అధికారులు వెతికారు. సుఖోమాజ్రి పైనున్న గుట్టలు మేపుకు బోడిగా మారాయని 1970లలో తేలింది. మేపు మానమని చెబితే ఎవరు వింటారు? అక్కడ పనిచేసిన భూసంరక్షణ శాస్త్రజ్ఞుడు పి.ఆర్. మిశ్రా ఊరివారితో కలిసి చిన్న ఆనకట్ట కట్టించారు. ఆ నీటిలో ప్రతి ఇంటికీ సమాన వాటా ఇచ్చారు. సెంటు భూమి లేని కుటుంబానికి కూడా వాటా ఉంది. తనకు అక్కరలేకపోతే ఆ వాటాను మరొకరికి ఇచ్చి ప్రతిఫలం పొందవచ్చు. అప్పుడు గుట్ట బాగు అందరి బాగు అయింది. ముళ్ళ కంచె అవసరం లేకపోయింది. మేకలు తగ్గాయి, గేదెలు పెరిగాయి, పాలు పెరిగాయి.

అందుచేత మీ ఊళ్ళో ఏ పథకం తలపెట్టినా మొదటి ప్రశ్న ఇదే కావాలి: భూమి లేని సభ్యునికి ఇందులో వాటా ఏమిటి? దీనికి సమాధానం కాగితం మీద రాసుకోకుండా బీడు మూయవద్దు. బీడునంతా ఒకేసారి మూయక మూడు భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని వంతుల వారీగా మూయవచ్చు. కోసిన గడ్డిలో భూమి లేనివారికి ముందు వంతు ఇవ్వవచ్చు. కాపలా పని, నారు పెంచే పని వారికే అప్పగించవచ్చు.

నియమాలలో ఏముంది?

గ్రాంటు నియమాలలో కూడా పేదలకు వాటా ఉందని చాలామందికి తెలియదు. 2008లో కేంద్ర ప్రభుత్వం వాటర్‌షెడ్ పథకాలన్నింటికీ ఉమ్మడి నియమాలు ప్రకటించింది. హెక్టారుకు 12,000 రూపాయలు, కొండ ప్రాంతాలలో 15,000 రూపాయలు కేటాయించింది. 2011లో సవరించిన లెక్క ప్రకారం మొత్తం డబ్బులో నూటికి 56 వంతులు మట్టి, నీటి పనులకు. 9 వంతులు ఆస్తిలేని కుటుంబాల జీవనోపాధికి. 10 వంతులు పంట, పాడి వంటి ఉత్పత్తి పనులకు, చిన్న పరిశ్రమలకు. మిగిలినది శిక్షణకు, ప్రణాళిక తయారీకి, పర్యవేక్షణకు, కార్యాలయ ఖర్చులకు.

ఒక ఉదాహరణ చూద్దాం. 500 హెక్టార్లకు పథకం మంజూరైందనుకోండి. 1995 నియమాల ప్రకారం మొత్తం 20 లక్షలు. 2008 నియమాల ప్రకారం 60 లక్షలు. ఆ 60 లక్షలలో 33 లక్షల 60 వేలు మట్టి, నీటి పనులకు పోతే, 5 లక్షల 40 వేలు ఆస్తిలేనివారికి, 6 లక్షలు ఉత్పత్తి పనులకు కేటాయించాలి. 2021లో వచ్చిన కొత్త నియమాలలో, 2025-26 వరకు సాగే పథకానికి, మైదానాలలో హెక్టారుకు 22,000 రూపాయలు, కొండ ప్రాంతాలలో 28,000 రూపాయలు నిర్ణయించారు. ఆ లెక్కన 500 హెక్టార్లకు ఒక కోటి పది లక్షలు. రెండు తరాల నియమాల మధ్య డబ్బు ఇంతగా పెరిగింది. ఊరి కట్టుబాటు కూడా అంతగా పెరిగిందా అన్నదే మనం వేసుకోవలసిన ప్రశ్న.

లబ్ధిదారుని వాటా సంగతి కూడా తెలుసుకోవాలి. 2008 నియమాలలో సొంత భూమిలో చేసే పనికి యజమాని కనీసం పదో వంతు ఇవ్వాలి. షెడ్యూల్డు కులాలు, తెగలవారు, చిన్న సన్నకారు రైతులు ఇరవయ్యో వంతు ఇస్తే చాలు. అంటే పది వేల రూపాయల గట్టుకు ఒకరు వెయ్యి, మరొకరు ఐదు వందలు ఇస్తారు. అయితే పాడి, తోటలు వంటి నేరుగా ఒక్కరికే లాభమిచ్చే పనులకు మామూలు రైతు నూటికి 40, షెడ్యూల్డు కులాలు, తెగలవారు నూటికి 20 ఇవ్వాలి. ఈ డబ్బు ప్రభుత్వానికి పోదు. ఊరి పేరుతో ఒక నిధిగా నిలిచి, పథకం ముగిసిన తరువాత ఉమ్మడి భూముల మీది పనుల మరమ్మతుకు ఉపయోగపడుతుంది. చెక్ డాంకు పగులు వచ్చిన నాడు అధికారి కోసం ఎదురుచూడనక్కరలేదు. కనుక ఈ వాటాను దొంగ హాజరుతోనో, కూలిలో కోతతోనో సర్దేస్తే మోసపోయేది ఊరే.

డబ్బు ఒకేసారి రాదు. 2008 నియమాలలో 20, 50, 30 వంతులుగా మూడు విడతలు. ముందు విడతకు ఖర్చు లెక్క, వినియోగ ధ్రువపత్రం ఇస్తేనే తరువాతి విడత. లెక్క ఆలస్యమైతే వాన పోతుంది. వాన పోతే ఏడాది పోతుంది.

పథకాల పేర్లు, నియమాలు కొన్నేళ్ళకు ఒకసారి మారుతూ ఉంటాయి. పైన చెప్పినవి ఆయా సంవత్సరాల నియమాలు. దరఖాస్తు చేసే రోజున అమలులో ఉన్న నియమాల ప్రతిని మండల కార్యాలయంలో అడిగి తీసుకొని, సమావేశంలో చదివించండి.

పాల సంఘం పాత్ర

"ఇదంతా పంచాయతీ పని గదా, పాల సంఘానికేమి?" అని కొందరు అనవచ్చు. ఉమ్మడి భూమి పంచాయతీదో, రెవెన్యూ శాఖదో అయి ఉంటుంది. గ్రామసభ తీర్మానం లేనిదే సంఘం దానిమీద చేయి వేయరాదు. ఇది నిజమే. కాని ఊళ్ళో రోజుకు రెండు పూటలా అన్ని కులాలవారూ, ఆడవారూ మగవారూ ఒకచోట నిలబడేది పాల సేకరణ కేంద్రం దగ్గరే. లెక్క రాసే అలవాటున్న సంస్థ మనదే. మేత అవసరం అందరికంటె ఎక్కువ ఉన్నది మన సభ్యులకే.

పాడి సహకార ఉద్యమం ఈ పనిలో ఎప్పుడో అడుగుపెట్టింది. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు 1986లోనే పాల సంఘాల నమూనాలో చెట్ల పెంపకందారుల సహకార సంఘాలను ఏర్పరచడం మొదలుపెట్టింది. అవి బంజరు భూములను కౌలుకు తీసుకొని చెట్లు, గడ్డి పెంచాయి. అలా పనిచేసిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1988లో వాటికి జాతీయ సమాఖ్య ఏర్పడింది.

దరఖాస్తుకు ముందు చేయవలసినవి

ఈ క్రింది పనులను వరుస తప్పకుండా చేయవలసిందిగా సంఘాలకు మా మనవి.

1. ముందు లెక్క తీయండి. ఊళ్ళో పాలిచ్చే పశువులెన్ని, మేకలు గొర్రెలు ఎన్ని, ఏ నెలలో మేత కొరత ఎంత? సంఘం పుస్తకాలలోని నెలవారీ పాల లెక్కను దీనికి జతపరచండి. కొరతను అంకెలతో చూపిన దరఖాస్తుకు బలం ఎక్కువ.

2. ఉమ్మడి భూమి ఎంత, ఎవరి పేరున ఉంది, ఆక్రమణ ఉందా అనేది రెవెన్యూ రికార్డులో చూడండి. తగాదా ఉన్న భూమితో మొదలుపెట్టకండి.

3. మేపేవారిని పిలిచి మాట్లాడండి. పాలకవర్గంలో లేని మేకల కాపరులు, ఒక్క గేదె ఉన్న మహిళలు తప్పక రావాలి. ఏ భాగం మూయాలి, ఎన్నాళ్ళు మూయాలి, గడ్డి వంతు ఎవరికెంత అనేది వారి ఎదుటే నిర్ణయించండి.

4. ఆ కట్టుబాటును గ్రామసభలో చదివి తీర్మానం చేయించండి. జరిమానా ఎంత, ఎవరు వసూలు చేయాలి, ఆ డబ్బు ఏ ఖాతాలో వేయాలి అనేవి కూడా రాయండి. సర్పంచ్ గేదె బీడులో పడినా అదే జరిమానా కావాలి.

5. గ్రాంటు రాకముందే చిన్న పని ఒకటి శ్రమదానంగా చేసి చూడండి. రెండెకరాలు మూసి, తొలకరికి స్టైలో, అంజన్ గడ్డి విత్తనం చల్లండి. చుట్టూ అవిసె, సుబాబుల్ నాటండి. ఆ రెండెకరాలను ఊరు కాపాడుకోగలిగితే రెండు వందల ఎకరాలను కూడా కాపాడుకోగలదు. కాపాడుకోలేకపోతే గ్రాంటు అడగడానికి ఇంకా సమయం రాలేదన్నమాట.

6. గ్రాంటు డబ్బును సంఘం పాల డబ్బుతో కలపకండి. వేరే ఖాతా, వేరే పుస్తకం ఉంచండి. వచ్చినదెంత, ఖర్చయినదెంత అనేది పాల సేకరణ కేంద్రం గోడమీద నెలనెలా రాయించండి.

7. వానను కొలిచే గాజు గొట్టం ఒకటి సంపాదించి సంఘం ఆవరణలో పెట్టండి. నాలుగు బావులు ఎంచుకొని నెలకోసారి నీటిమట్టం కొలిచి రాయండి. సంవత్సరాంతంలో ఆ లెక్కను సర్వసభ్య సమావేశంలో చదవండి.

ఈ ఏడింటిలో ఆరింటికి ప్రభుత్వ అనుమతి అక్కరలేదు, పెద్ద ఖర్చూ లేదు. అందుకే ఇవి రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. నాలుగవదానికి గ్రామసభ కావాలి. అదీ మన ఊరిలోనే ఉంది.

రాబోయే సర్వసభ్య సమావేశంలో వెన్న శాతం, బోనస్ చర్చలు ముగిసిన తరువాత ఈ విషయానికి ఒక గంట కేటాయించండి. ఎవరి గేదె ఏ వేసవిలో ఎందుకు సంతకు పోయిందో సభ్యులను చెప్పనివ్వండి. ఆ మాటలు విన్న తరువాత బీడు గురించి తీర్మానం రాయడం తేలికవుతుంది. గ్రాంటు కాగితం ఎప్పుడు వచ్చినా, అప్పటికి కుండలో పాలు కాచి సిద్ధంగా ఉంచుకుందాం.